గర్భనిరోధక మాత్రలు: నెల్లూరు తీరంలో సురక్షిత వాడకం

గర్భం రాకుండా స్త్రీలు నోటి ద్వారా వేసుకునే మందులను గర్భనిరోధక మాత్రలు అంటారు. వీటిలో ఎక్కువ భాగం హార్మోన్లతో తయారైనవి. ప్రభుత్వం ఛాయ పేరుతో ఇచ్చేది మాత్రం హార్మోను లేని మందు. అరవై ఏళ్లకు పైగా ప్రపంచమంతా కోట్ల మంది వాడిన మందులివి, ఆరోగ్యంగా ఉన్న చాలామంది స్త్రీలకు సురక్షితమైనవి. అయితే బీపీ, కాలేయ జబ్బు, నరాల్లో రక్తం గడ్డకట్టే జబ్బు, ఒక రకం మైగ్రేన్ తలనొప్పి ఉన్నవారికి ఇవే ప్రాణం మీదికి తేవచ్చు. ఎవరికి పనికొస్తాయో, ఎవరికి పనికిరావో తేల్చడానికి ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. బీపీ చూసి, నాలుగైదు ప్రశ్నలు అడిగితే చాలావరకు తేలిపోతుంది. నెల్లూరు తీరంలో మాత్రకు కరువు లేదు. ఆశా కార్యకర్త దగ్గర ఉంది, మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు. కరువల్లా ఆ నాలుగు ప్రశ్నలకే.

తీరంలో మాత్రకున్న చోటు

నెల్లూరు జిల్లా తీరం కావలి దగ్గరి తుమ్మలపెంట, బోగోలు మండలం జువ్వలదిన్నె, అల్లూరు మండలం ఇసకపల్లి, విడవలూరు మండలం రామతీర్థం, ఇందుకూరుపేట మండలం మైపాడు, తోటపల్లిగూడూరు మండలం కోడూరు మీదుగా ముత్తుకూరు మండలం కృష్ణపట్నం రేవును దాటి దక్షిణానికి సాగుతుంది. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న సూళ్లూరుపేట, తడ 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరాయి గానీ బతుకుతెరువులో పెద్ద తేడా లేదు. మగవాళ్లకు సముద్రంలో వేట, రొయ్యల గుంటల మీద కాపలా, పెన్నా కాలువల కింద సేద్యం. ఆడవాళ్లకు చేపల గంప, ఎండు చేపలు, నాట్లు, కలుపులు, రొయ్యల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో ఇంత ఎక్కువ మరెక్కడా లేదు. మాత్రలు వాడేవారు నూటికి ఒకరు కూడా లేరు. అదే సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. ఇవి రాష్ట్రమంతటి అంకెలు, కానీ తీరం ఊళ్లలో ఎవరికీ కొత్తగా అనిపించవు. చిన్న వయసులో పెళ్లి, ఏడాది తిరగకుండా తొలి కాన్పు, ఎడం లేకుండా రెండోది, పాతికేళ్ల లోపే ఆపరేషన్. పెళ్లికీ తొలి కాన్పుకీ మధ్య, తొలి కాన్పుకీ రెండోదానికీ మధ్య ఉండాల్సిన ఎడమే ఇక్కడ కనిపించదు. ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ ఎడం కోసం ఉన్నవే మాత్ర, లూపు, ఇంజెక్షన్, నిరోధ్.

ఈ పరిస్థితి దానంతటది వచ్చింది కాదు. 1952లో మొదలైన జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం ఎమర్జెన్సీ నాటి బలవంతపు వేసెక్టమీల తర్వాత మగవాళ్ల జోలికి పోవడం మానేసింది. భారమంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది. 1980ల నుంచి ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ శిబిరాలు ఊరూరా నడిచాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994లో వచ్చింది. 1997లో రాష్ట్రం జనాభా విధానం ప్రకటించింది. 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది, ఎక్కువ మందిని కనమని ఇప్పుడు ముఖ్యమంత్రే చెబుతున్నారు. కనొద్దన్నా, కనమన్నా పై నుంచి వచ్చిన మాటే. ఎప్పుడు కనాలో ఇంట్లో ఆడమనిషి తేల్చుకోవాలంటే చేతిలో తాత్కాలిక సాధనం ఉండాలి.

ఆ సాధనాన్ని గడప దాకా తెచ్చే ఏర్పాటు కాగితం మీద బాగానే ఉంది. 2011లో కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి మూడు నిరోధ్‌లు రూపాయికి, నెల మాత్రల అట్ట రూపాయికి, కలయిక తర్వాత వేసుకునే అత్యవసర మాత్ర రెండు రూపాయలకు ఇవ్వవచ్చు. ఉపకేంద్రంలోనైతే ఉచితం. కానీ తలుపు తీసేది అత్తగారైతే, పెళ్లై ఆర్నెల్లయిన కోడలికి అట్ట చేరే దారి అక్కడే మూసుకుపోతుంది.

మాత్ర పుట్టిన కథ

1951లో మెక్సికో నగరంలోని సింటెక్స్ ప్రయోగశాలలో లూయిస్ మిరామోంటెస్ అనే యువ రసాయనవేత్త, కార్ల్ జెరాసీ, జార్జ్ రోసెన్‌క్రాంజ్‌ల ఆధ్వర్యంలో నోరెథిస్టిరాన్ అనే మందు తయారుచేశాడు. ముడిసరుకు అక్కడి అడవుల్లో దొరికే ఒక రకం గడ్డ. స్త్రీ శరీరంలో సహజంగా ఊరే ప్రొజెస్టెరాన్ లాగా పనిచేస్తూ, నోటి ద్వారా తీసుకున్నా చెడిపోని మందు అది. అమెరికాలో గ్రెగరీ పింకస్, మిన్ చ్యూ చాంగ్, జాన్ రాక్ ఇలాంటి మందులతోనే గర్భనిరోధక మాత్ర మీద పనిచేశారు. వెనక నిలిచి నడిపించింది మార్గరెట్ సాంగర్, డబ్బు పెట్టింది కేథరిన్ మెకార్మిక్. 1956లో ప్యూర్టోరికోలో పేద స్త్రీల మీద ప్రయోగాలు జరిగాయి. ప్రయోగంలో ఉన్న మందు వేసుకుంటున్నామన్న సంగతి కూడా వారిలో చాలామందికి సరిగా తెలియదు. ఆ మచ్చ మాత్ర చరిత్రను ఇప్పటికీ వదల్లేదు.

1960లో అమెరికా అనుమతి పొందిన ఎనోవిడ్ మాత్రలో ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోను 150 మైక్రోగ్రాములు ఉండేది. ఇప్పుడు మన ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్ మాత్రలో ఉన్నది 30. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన కేసు వైద్య పత్రికకెక్కింది. 1969లో బార్బరా సీమన్ రాసిన పుస్తకం గొడవ రేపింది, 1970లో అమెరికా సెనేట్ విచారణ జరిపింది. మాత్ర వేసుకున్న స్త్రీలను ఒక్కరినీ సాక్ష్యానికి పిలవలేదని ఆడవాళ్లు ఆ సభలోనే లేచి నిలదీశారు. మాత్రల పెట్టెలో ప్రమాదాలు తెలిపే కాగితం పెట్టే నియమం ఆ గొడవలోంచే వచ్చింది. మోతాదులు కూడా ఆ తర్వాత బాగా తగ్గాయి. అప్పటి మాత్ర గురించి చెప్పుకున్న భయాలన్నీ ఇప్పటి మాత్రకు అంటగట్టడం సరికాదు, భయం పూర్తిగా అక్కర్లేదనడమూ సరికాదు.

రకాలు, పనిచేసే తీరు

మన దగ్గర ఎక్కువగా దొరికేది మిశ్రమ మాత్ర, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ లాంటి మందు (ప్రొజెస్టోజెన్) రెండూ కలిసినది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, తక్కువ ధరకు అమ్మే మాలా-డి రెండూ ఒకటే మందు: లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు. అట్టలో 28 మాత్రలుంటాయి. మొదటి 21 హార్మోను మాత్రలు, చివరి ఏడు ఐరన్ మాత్రలు. హార్మోన్లు మెదడు కింది పిట్యూటరీ గ్రంథిని నిదానింపజేసి అండం విడుదల కాకుండా ఆపుతాయి. గర్భాశయ ముఖద్వారంలోని జిగురును చిక్కబరిచి వీర్యకణాలకు దారి మూస్తాయి. ఐరన్ మాత్రల వారంలో నెలసరి వస్తుంది. గర్భం ఆపడంలో ఆ ఏడింటికీ పనిలేదని వాటిని పారేసేవాళ్లున్నారు. రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది, కాబట్టి పారేయకండి. పైగా అవి వేసుకుంటే రోజూ మాత్ర వేసుకునే అలవాటు తప్పదు, కొత్త అట్ట మొదలుపెట్టే రోజు మరుపు రాదు.

21 మాత్రలే ఉండే ప్రైవేటు అట్టలు వాడేవారు ఏడు రోజులు ఆగి ఎనిమిదో రోజు తప్పకుండా కొత్త అట్ట మొదలుపెట్టాలి. విరామం ఏడు రోజులు దాటితే అండం విడుదల కావచ్చు. అట్ట మధ్యలో ఒక మాత్ర మరవడం కంటే కొత్త అట్ట రెండు రోజులు ఆలస్యంగా అందుకోవడమే ఎక్కువ ప్రమాదమని చాలామందికి తెలియదు.

ప్రొజెస్టోజెన్ ఒక్కటే ఉండే మాత్రలు పాలిచ్చే తల్లులకు, ఈస్ట్రోజెన్ పడనివారికి పనికొస్తాయి. మందుల షాపుల్లో డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాముల రూపంలో దొరుకుతాయి. వీటిని విరామం లేకుండా, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి.

ఛాయ సంగతి వేరు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమాన్ అనే మందు ఇది. 1991లో సహేలీ పేరుతో మార్కెట్లోకి వచ్చింది, 2016 తర్వాత ఛాయ పేరుతో ప్రభుత్వ ఆసుపత్రులకు చేరింది. ఈ పరిశోధనను ముందు నిలిచి నడిపించిన శాస్త్రవేత్త నిత్యానంద్ 2024లో కన్నుమూశారు. 30 మిల్లీగ్రాముల ఈ మాత్రను నెలసరి మొదటి రోజున మొదలుపెట్టి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఆదివారం మొదలుపెడితే ఆది, బుధవారాలు, మూడు నెలలయ్యాక ఆదివారాలు మాత్రమే. వాంతులు, తల తిప్పడం ఉండవు. పాలిచ్చే తల్లి కాన్పయిన వెంటనే మొదలుపెట్టవచ్చు. నెలసరి కొందరికి ఆలస్యమవుతుంది, అది ముందే చెప్పకపోతే నెల తప్పిందని హడలిపోతారు. ఈమధ్య కామెర్లు వచ్చినవారు, కాలేయ, మూత్రపిండాల జబ్బులున్నవారు, క్షయ ఉన్నవారు, అండాశయాల్లో నీటితిత్తులున్నవారు వాడకూడదు. దేశంలోనే పుట్టి, వారానికోసారి వేసుకుంటే సరిపోయే మందు గురించి దేశంలోనే ఇంత తక్కువ మందికి తెలియడం ప్రచారంలో లోపమే.

మొదలుపెట్టే ముందు అడగాల్సినవి

మిశ్రమ మాత్ర ఎవరికి పనికొస్తుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు తరగతులుగా విభజించింది. మూడో తరగతి వారికి వేరే దారి లేకపోతే తప్ప ఇవ్వకూడదు, నాలుగో తరగతి వారికి అసలే కూడదు.

మొదటిది బీపీ. పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరితే మూడో తరగతి, 160 లేదా 100 చేరితే నాలుగు. తీరంలో ఉప్పు చేప, ఎండు చేప రోజువారీ తిండి కాబట్టి వయసు తక్కువే కదా అని బీపీ చూడకుండా వదిలేయడం తగదు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పరికరం ఉంటుంది, అయిదు నిమిషాల పని. రెండోది చుట్ట, బీడీ, సిగరెట్టు. 35 ఏళ్లు దాటి పొగతాగే స్త్రీకి మిశ్రమ మాత్ర గుండెపోటు ముప్పును బాగా పెంచుతుంది. నెల్లూరు కంటే శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. మూడోది తలనొప్పి. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించడం, చెయ్యి తిమ్మిరెక్కడం ఉంటే అది పక్షవాతానికి దారితీసే రకం మైగ్రేన్. అలాంటివారికి ఏ వయసులోనైనా మిశ్రమ మాత్ర నిషిద్ధం. ఆ తర్వాత కాలి నరాల్లో గడ్డకట్టిందా, గుండె జబ్బు ఉందా, పక్షవాతం వచ్చిందా, రొమ్ము క్యాన్సర్ ఉందా, కామెర్లున్నాయా, చక్కెర జబ్బు ముదిరి కళ్లకో కిడ్నీలకో పాకిందా అన్న ప్రశ్నలు.

బాలింతల విషయంలో మన ఊళ్లలో పొరపాటు ఎక్కువ. కాన్పయిన మొదటి వారాల్లో రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరిగి ఉంటుంది. అప్పుడు ఈస్ట్రోజెన్ ఇస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది, పాలూ తగ్గవచ్చు. బిడ్డకు పాలిచ్చే తల్లి ఆరు వారాల లోపు మిశ్రమ మాత్ర ముట్టకూడదు, ఆరు నెలల దాకా ఆగడం మంచిది. ఈలోగా ఛాయ, ప్రొజెస్టోజెన్ మాత్ర, లూపు ఉన్నాయి. రాత్రీ పగలూ తల్లిపాలే పడుతూ, నెలసరి మళ్లీ రానంతవరకు, ఆరు నెలల దాకా గర్భం రావడం అరుదు. ఈ మూడు షరతుల్లో ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోతుంది. పాలిస్తున్నాను కదా అన్న ధీమాతో నెల తప్పినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

వేసుకుంటున్న మందులు కూడా అడగాలి. క్షయకిచ్చే రిఫాంపిసిన్ కాలేయాన్ని పురిగొల్పి గర్భనిరోధక హార్మోన్లను త్వరగా కరిగించేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫెనోబార్బిటాల్ కూడా అంతే. మాత్ర వేసుకుంటున్నా గర్భం రావచ్చు. టీబీ కోర్సు నడుస్తున్నంత కాలం, ముగిసిన నెల దాకా వేరే పద్ధతి వాడాలి. అమాక్సిసిలిన్ వంటి మామూలు యాంటీబయాటిక్స్‌తో ఈ ఇబ్బంది లేదు.

రక్తం గడ్డకట్టే ముప్పు నిజంగా ఎంతో కూడా తెలియాలి. 2013లో ఐరోపా ఔషధ సంస్థ లెక్కల ప్రకారం, మాత్ర వాడని, గర్భం లేని స్త్రీలు పదివేల మందిలో ఏడాదికి ఇద్దరికి గడ్డకడుతుంది. లెవోనార్జెస్ట్రెల్ మాత్ర వాడేవారిలో అయిదుగురి నుంచి ఏడుగురికి, డ్రోస్పిరెనోన్, డెసోజెస్ట్రెల్ ఉన్న మిశ్రమ మాత్రలైతే తొమ్మిది నుంచి పన్నెండు మందికి. గర్భంలోనూ బాలింత దశలోనూ ముప్పు వీటన్నిటికంటే ఎక్కువ. అంటే ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, పట్నం మందుల షాపులో వందల రూపాయలు పెట్టి కొనే కొత్త మాత్రల కంటే ఈ విషయంలో మెరుగు. ధర ఎక్కువైతే మందు మంచిదన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు.

వేసుకునే పద్ధతి, మరిచిపోతే

నెలసరి మొదలైన అయిదు రోజుల లోపు మొదటి మాత్ర వేసుకుంటే ఆ రోజు నుంచే రక్షణ. గర్భం లేదని ఖాయమైతే ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు గానీ ఏడు రోజులు నిరోధ్ తోడుండాలి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, పగలు షిఫ్టు మారేవారు రెంటికీ కుదిరే వేళ ఎంచుకోవాలి. ఉప్పుగాలి, ఉక్కపోత ఉన్న ఇళ్లలో అట్టను తడి తగలని డబ్బాలో పెట్టాలి. తుపాను హెచ్చరిక వచ్చి పునరావాస కేంద్రానికి కదలాల్సి వస్తే ఆధార్ కార్డు సంచిలోనే అట్ట కూడా వేసుకోవాలి. 2020లో నివర్, 2023లో మిచాంగ్ వచ్చినప్పటి ముంపు చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికే గర్భం వస్తుంది. మామూలు వాడకంలో అది నూటికి ఏడుగురు. తేడా అంతా మరుపులోనే ఉంది. ఒక మాత్ర మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది ఆ వేళకు వేసుకోవాలి. ఒకే రోజు రెండయినా ఫరవాలేదు. వరసగా రెండుగానీ అంతకంటే ఎక్కువగానీ మరిస్తే ఒకటి వెంటనే వేసుకుని, తక్కిన తప్పినవి వదిలేసి, వరస కొనసాగిస్తూ ఏడు రోజులు నిరోధ్ వాడాలి. ఆ మరుపు మూడో వారంలో జరిగితే ఐరన్ మాత్రలు వదిలి నేరుగా కొత్త అట్ట అందుకోవాలి. మొదటి వారంలో జరిగి, ఆ రోజుల్లో కలయిక ఉంటే అత్యవసర మాత్ర అవసరమవుతుంది. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే మరొకటి వేసుకోవాలి. రోజుకు మించి వాంతులు, విరేచనాలు ఆగకపోతే మాత్రలు మరిచినట్టే లెక్క.

వేటకుటుంబాల్లో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. మగమనిషి వేరే రేవుల్లో బోటు పనికి వెళ్లి వారాలు ఇంటికి రాడు. మనిషి లేనప్పుడు మందెందుకని ఆపేసి, వచ్చిన రోజున వేసుకుంటే మాత్ర పనిచేయదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మగవాళ్లంతా ఇంటి పట్టునే ఉంటారు. ఆ రెండు నెలల కోసం మాత్ర మొదలుపెట్టాలనుకునేవారు మార్చి నెలసరితోనే మొదలుపెట్టాలి. రాకపోకలకు లెక్క లేని ఇళ్లలో ఛాయ గానీ లూపు గానీ మేలు. లారీల మీద, బోట్ల మీద తిరిగే మగవాళ్ల విషయంలో మరో మాట: మాత్ర గర్భాన్ని ఆపుతుంది, హెచ్‌ఐవీనీ సుఖరోగాలనూ ఆపదు. వాటికి నిరోధ్ ఒక్కటే అడ్డు.

పండగల కోసం వేసే మాత్రలు

మన ఆడవాళ్లలో చాలామందికి హార్మోను మాత్ర మొదట పరిచయమయ్యేది గర్భనిరోధానికి కాదు, నెలసరి వాయిదాకు. తిరుమల యాత్ర, జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలు, ఇంట్లో పెళ్లి, వ్రతం. మందుల షాపుకు ఎవరో ఒకర్ని పంపి వాయిదా మాత్రలు తెప్పించుకుంటారు. ఆ మాత్రల్లో ఉన్నది మెక్సికోలో 1951లో పుట్టిన ఆ నోరెథిస్టిరానే, 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండు మూడు. ఈ మోతాదులో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. అంటే బీపీ, మైగ్రేన్, కాలి నరాల ప్రశ్నలు దీనికీ అడగాలి. షాపులో ఎవరూ అడగరు. పిల్లల తల్లి, నలభై దాటిన అక్క, పదహారేళ్ల అమ్మాయి ముగ్గురికీ అదే పట్టీ కత్తిరించి ఇస్తారు. ఈ మాత్రలు వేసుకున్నంత కాలం గర్భం రాదన్న నమ్మకం కూడా తప్పు, వీటిని గర్భనిరోధానికి వాడే పద్ధతి వేరు.

మాలా-ఎన్ వాడుతున్నవారికి ఈ తంటా అక్కర్లేదు. 21 హార్మోను మాత్రలు అయ్యాక ఐరన్ మాత్రలు వదిలి వెంటనే కొత్త అట్ట మొదలుపెడితే ఆ నెల నెలసరి రాదు, రక్షణా తప్పదు. ఇందులో ఆరోగ్యానికి హాని లేదు. నెలసరిలో గుడికి పోవచ్చా లేదా అన్నది వేరే చర్చ.

షాపులో కొనే మరో రకం అత్యవసర మాత్ర, అందులో ఉన్నది లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. కలయిక జరిగిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. అండం విడుదలను వెనక్కి నెడుతుంది, అప్పటికే వచ్చిన గర్భాన్ని పోగొట్టదు. టీవీ ప్రకటనల పుణ్యమా అని దీన్ని నెలలో నాలుగైదు సార్లు వాడే యువజంటలున్నారు. అలా వాడితే నెలసరి గందరగోళమవుతుంది, రక్షణ రోజూ వేసే మాత్రంత దక్కదు. నెలసరి వారం కంటే ఆలస్యమైతే ఆశా కార్యకర్త దగ్గరుండే నిశ్చయ్ కిట్‌తో పరీక్ష చేసుకోవాలి. గర్భస్రావం మాత్రలు పూర్తిగా వేరు, వాటిని డాక్టరు పర్యవేక్షణ లేకుండా షాపులో కొని మింగడం ప్రాణాలతో చెలగాటం.

దుష్ఫలితాలు, అపోహలు

మొదటి రెండు మూడు నెలలు వికారం, తలనొప్పి, రొమ్ముల్లో బరువు, మధ్యలో మచ్చలు కనిపించడం మామూలే. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. చాలామంది మానేసేది ఈ మూడు నెలల్లోనే, ముందుగా చెప్పేవాళ్లు లేక. మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్న మాట అబద్ధం. మానేసిన నెల రెండు నెలల్లో అండం విడుదల మామూలవుతుంది. ఆలస్యమయ్యేది మూడు నెలలకోసారి ఇచ్చే అంతరా ఇంజెక్షన్‌తో. మాత్ర వేడి చేస్తుందని మజ్జిగ తాగించడం వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. క్యాన్సర్ విషయంలో లెక్క రెండు వైపులా ఉంది. అండాశయ, గర్భాశయ లోపలిపొర క్యాన్సర్లు మాత్ర వాడినవారిలో తగ్గుతాయి, మానేశాక కూడా ఏళ్ల తరబడి ఆ మేలు ఉంటుంది. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ముప్పు వాడుతున్న కాలంలో కొద్దిగా పెరుగుతుంది.

భయం కూడా హాని చేస్తుందనడానికి 1995 అక్టోబరు బ్రిటన్ అనుభవం సాక్ష్యం. కొన్ని కొత్త మాత్రలతో గడ్డకట్టే ముప్పు రెట్టింపని అక్కడి ప్రభుత్వ కమిటీ హెచ్చరించగానే వేలమంది స్త్రీలు అట్ట మధ్యలోనే మానేశారు. మరుసటి ఏడాది అక్కడ గర్భస్రావాలు పెరిగాయి. ముప్పు రెట్టింపన్న మాట నిజమే, ఆ రెట్టింపైన ముప్పు కూడా గర్భంలో ఉండే ముప్పు కంటే తక్కువని ఎవరూ గట్టిగా చెప్పలేదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు: ఒక పిక్కలోనే వాపు, తీవ్రమైన నొప్పి, ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఎప్పుడూ లేనంత తలపోటు, చూపు మసకబారడం, మాట తడబడడం, పొట్ట పైభాగంలో భరించలేని నొప్పి, కళ్లు పచ్చబడడం. మాత్ర ఆపి 108కి ఫోన్ చేయాలి. తీరం నుంచి నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ, కావలి ఏరియా ఆసుపత్రికి గానీ చేరాలి. తక్కిన సందేహాలకు 104 ఉంది. ఆసుపత్రిలో చెప్పాల్సిన మొదటి మాట, గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నానని. మన ఇళ్లలో ఎందరో ఆడవాళ్లు అత్తమామలకు, ఒక్కోసారి భర్తకు కూడా తెలియకుండా వాడతారు, అందరి ముందూ డాక్టరు అడిగితే లేదంటారు. ఇరవై రెండేళ్ల అమ్మాయికి పిక్క నొప్పి అంటే బెణుకనుకుని పంపేసే అవకాశం ఉంది. మాత్ర సంగతి తెలిస్తే అదే డాక్టరు వెంటనే స్కాన్ చేయిస్తారు. ఇంట్లో ఎవరి దగ్గర దాచినా, డాక్టరు దగ్గర దాచకండి.